సైబరు నేరపరిశోధనా విద్యయు మన జిల్లాల విద్యార్థులును

పదవ తరగతి ఫలితములు వెలువడిన పిదప మా పాఠశాలకు వచ్చు తల్లిదండ్రులు సాధారణముగా మమ్ము నడుగు ప్రశ్న యొక్కటియే. "సారూ, మా పొరగాన్ని ఏ సదువుల ఏస్తె జెల్ది నౌకరి దొరుకుతది?" ఈ ప్రశ్నలో తప్పేమియు లేదు. బీడీలు చుట్టియు, మరమగ్గము నడిపియు, ఎడారి దేశములలో కూలిచేసియు పిల్లలను చదివించువారు జీతమును గూర్చి విచారింపక మఱి దేనిని గూర్చి విచారింతురు? ఊరందరును చెప్పు సమాధానము కూడ నొక్కటియే: ఇంటరులో ఎం.పి.సి., ఆపైన ఇంజనీరింగు, ఆపైన హైదరాబాదులో నొక సాఫ్టువేరు కొలువు. ఈ సంవత్సరపు సంచికలో మేము మఱొక మార్గమును సూచింపదలచితిమి. అది సైబరు నేరముల పరిశోధన, డిజిటల్ ఫోరెన్సిక్స్ అను విద్యలలో పాండిత్యము సంపాదించి, బోధకులుగను శాస్త్రపరిశోధకులుగను జీవించు మార్గము. మేము పోలీసు కొలువును గూర్చి వ్రాయుట లేదు. ఆ పోలీసులకును, న్యాయవాదులకును, న్యాయాధిపతులకును ఈ విద్యను నేర్పవలసినవారిని గూర్చి వ్రాయుచున్నాము.

ఫోరెన్సిక్స్ అనగా న్యాయస్థానము ఎదుట నిలువగల సాక్ష్యమును సిద్ధపరచు శాస్త్రము. ఇది మన దేశమునకు క్రొత్తది గాదు. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము స్థాపింపబడినపుడు, ఆ ముద్రలను వర్గీకరించు గణితమును సిద్ధపరచుటలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను మన దేశస్థు లిద్దరు మిక్కిలి పాటుపడిరి. పద్ధతికి మాత్రము వారి పై యధికారియైన హెన్రీ దొర పేరు నిలిచినది! గణితము చదువు బాలుర కీ సంగతి తెలిసియుండుట మంచిది.

మన గ్రామములలో ఈ విద్య పేరు ఎఱుగని రైతు లుందురు గాని, దీని యవసరము నెఱుగని రైతు లేడు. పట్వారీ దస్త్రములో, పహాణీలో ఒకని పేరు కొట్టివేసి మఱొకని పేరు వ్రాయబడినపుడు, ఎవరు వ్రాసిరి, ఎప్పుడు వ్రాసిరి, సిరా యొక్కటేనా, దస్తూరి యొక్కటేనా యని తగవులు నడిచెడివి. నేడు భూముల వివరములు కంప్యూటరులలో నున్నవి. 2020లో ధరణియు, 2025లో దాని స్థానమున భూభారతియు వచ్చినవి. సిరా పోయినది గాని ప్రశ్న పోలేదు. ఎవరు మార్చిరి? ఎప్పుడు మార్చిరి? ఏ యంత్రమునుండి మార్చిరి? పూర్వము కాగితమును దీపమున కెదురుగా పట్టి చూచినవారి స్థానమున నేడు హార్డుడిస్కును చదువగలవారు కావలెను.

ఈ మాట ఏ పట్టణమున వ్రాసినను చెల్లును గదా, కరీంనగరము, ఆదిలాబాదులకు దీనితో ప్రత్యేకముగా నేమి పని యని కొందఱడుగవచ్చును. పని కలదు. 2016 అక్టోబరున విభజింపబడకముందు ఈ రెండు జిల్లాలలో చేరియుండిన జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతముల పల్లెలనుండి తరతరములుగా మనుష్యులు గల్ఫు దేశములకు పోవుచున్నారు. డబ్బు పంపువాడు దుబాయిలో నుండును. దానిని తీసికొను భార్య మెట్‌పల్లిలో నుండును. ఫోనులో ఆ లెక్క చూచునది పదుమూడేండ్ల కొడుకు. రామగుండము, మంచిర్యాల, బెల్లంపల్లి గనులలో ముప్పది యేండ్లు పనిచేసి విరమించిన కార్మికుని చేతికి జీవితములో నొక్కమారే పెద్ద మొత్తము వచ్చును. మోసగాండ్రకు ఇంతకంటె అనుకూలమైన చోటు వేఱొకటి యుండునా? బ్యాంకునుండి యని యొకడు ఓటీపీ అడుగును. పోలీసు దుస్తులు ధరించి వీడియోలో కనబడి "నీవు డిజిటల్ అరెస్టులో నున్నావు" అని యొకడు బెదరించును. అట్టి యరెస్టు మన చట్టములో నెచ్చటను లేదను సంగతి తెలియని వృద్ధులు గది తలుపులు మూసికొని వణకుచు కూర్చుందురు.

ఇంతకంటె విచారకరమైనది వేఱొకటి కలదు. 2024లో సిరిసిల్ల ప్రాంతపు యువకు డొకడు కంప్యూటరు ఉద్యోగమని నమ్మి కాంబోడియాకు పోయి, అచ్చట నిర్బంధింపబడి, ఇతరులను ఫోనులద్వారా మోసగించు పనికి నియోగింపబడిన వార్త మనమందఱమును చదివితిమి. 2025 మార్చిలో మయన్మారు సరిహద్దునందలి ఇట్టి మోసపు కేంద్రములనుండి వెలువడిన 500 మందికి పైగా భారతీయులు వాయుసేన విమానములలో స్వదేశమునకు చేర్పబడిరి. వారిలో తెలంగాణమువారును ఉండిరి. ఈ బాలు రెవరు? టైపు చేయుట తెలిసినవారు, ఇంగ్లీషు కొంచెము వచ్చినవారు, కంప్యూటరు ముందు పది గంటలు కూర్చుండగల యోపిక కలవారు. అనగా మా బల్లలమీద కూర్చుండి చదివినవారి వంటివారే. వారి నైపుణ్యమునకు మోసగాండ్రు వెల కట్టిరి, మనము కట్టలేదు. ఆ నైపుణ్యమునే నేరమును పట్టు విద్యకు మరల్చు దారి వారికి ఎవరైన చూపిరా యని మేము అడుగుచున్నాము.

విదేశమునకు పోకయే చిక్కుకొనువారును కలరు. "నీ బ్యాంకు ఖాతా కొన్నాళ్లు మా కిమ్ము, నెలకు కొంత కమీషను ఇత్తుము" అని చెప్పువారి మాట విని, డిగ్రీ చదువు బాలురు తమ ఖాతాను, సిమ్ కార్డును అద్దెకిచ్చుచున్నారు. ఎచ్చటనో దోచిన సొమ్ము ఆ ఖాతాగుండ పోవును. దొంగ దొరకడు, ఖాతాదారుడు దొరకును.

ఇంక సాక్ష్యమును గూర్చిన అజ్ఞానము ఎట్లుండునో యొక యుదాహరణము చెప్పెదము. మా విద్యార్థి యొకని తల్లి బీడీ కార్మికురాలు. కరెంటు బిల్లు బాకీ యున్నదని ఫోనునకు వచ్చిన సందేశముతో గూడిన ఫైలును ఆమె తెఱచినది. సాయంత్రమునకు సంఘములో పొదుపు చేసికొనిన డబ్బంతయు ఖాతానుండి మాయమైనది. ఆమె తమ్ముడు తొందరపడి ఫోనును బజారులోని మరమ్మతు దుకాణమునకు కొనిపోగా, దుకాణమువాడు మంచి మనస్సుతోనే "వైరసు పోవలె" నని దానిని రీసెట్ చేసి యిచ్చినాడు. ఫోను బాగైనది; సాక్ష్యము చచ్చినది. బ్యాంకు లెక్కలో డబ్బు పోయిన దారి కొంత కనబడెను గాని, ఆ ఫైలు ఏది, అది ఫోనులో నేమి చేసినది, ఎవరికి కబురంపినది యను జాడ మఱి లేదు. 1930 అను సహాయ సంఖ్యకు వెంటనే ఫోను చేసిన డబ్బు మఱొక ఖాతాకు దాటకముందే నిలుపుటకు వీలుండునని ఆ యింట నెవరికిని తెలియదు.

ఇచ్చట శాస్త్రవిషయ మొక్కటి చెప్పవలెను. పాతకాలపు హార్డుడిస్కులో తుడిచివేసిన ఫైలు చాలకాలము అచ్చటనే పడియుండును. పుస్తకపు విషయసూచికలో పేరు కొట్టివేసినంతమాత్రమున లోపలి పుట చిరిగిపోదు గదా! నేర్పరి యా పుటను వెదకి తీయగలడు. నేటి ఫోనుల సంగతి వేఱు. లోపలి దంతయు గూఢలిపిలో నుండును. రీసెట్ చేసినంతనే ఆ లిపిని విప్పు తాళపుచెవి నశించును. పుటలన్నియు నున్నను చదువువాడుండడు. కనుకనే ఈ విద్యను నేర్చినవారు పట్టుబడిన ఫోనును మొట్టమొదట రేడియో తరంగములు చొరనీయని సంచిలో నుంచుదురు. లేనిచో దూరముననుండియే దానిని తుడిచివేయుమని దొంగ ఆజ్ఞ పంపగలడు. హార్డుడిస్కును పరీక్షింపవలసినపుడు దానిలో నొక్క యక్షరమైనను వ్రాయబడకుండ అడ్డుపడు పరికరము ద్వారా ప్రతిరూపమును తీసి, మూలమును ముద్రవేసి భద్రపరచి, ప్రతిరూపముమీదనే పనిచేయుదురు. మా కరీంనగరపు వెండితీగ పనివారు సన్నని తీగను ఊపిరి బిగబట్టి యల్లుటను చూచిన బాలుర కీ యోపిక యెట్టిదో వేఱుగ చెప్పనక్కరలేదు.

2001 డిసెంబరు 13న ఢిల్లీలో పార్లమెంటు భవనముపై దాడి జరిగినది. ఆ కేసులో పట్టుబడిన ల్యాప్‌టాప్ పరీక్షకై ఎచ్చటికి పంపబడినదో మా విద్యార్థులలో ఎందఱికి తెలియును? మన హైదరాబాదునకే. వివాదగ్రస్త పత్రములను పరీక్షించు ప్రభుత్వ కార్యాలయము అప్పుడచ్చట నుండెను. దస్తూరిని, సిరాను పరీక్షించు ఆ కార్యాలయమే కంప్యూటరులను పరీక్షించుటకును పూనుకొనియుండెను. దుండగులు కారునకు అంటించిన హోంమంత్రిత్వశాఖ దొంగ ముద్రపత్రము, దొంగ గుర్తింపు కార్డులు, వీని నమూనాలు ఆ యంత్రములో బయటపడినవి. న్యాయస్థానములో ఆ నిపుణుడు గట్టి ప్రశ్నల నెదుర్కొనవలసి వచ్చినది. యంత్రము పోలీసుల స్వాధీనమైన తరువాతి తేదీలు కొన్ని ఫైళ్లమీద కనబడుచున్నవేమి, మీరే మార్చితిరా, యని ప్రతివాదుల న్యాయవాదులు నిలదీసిరి. యంత్రమును నడపినంతనే దానిలోని వ్యవస్థ కొన్ని ఫైళ్లను తనంతట తానే మార్చుకొనుననియు, మనుష్యుడు వ్రాసిన ఫైళ్లు వేఱు, యంత్రము వ్రాసికొను ఫైళ్లు వేఱనియు విడదీసి చెప్పవలసి వచ్చినది. ఆ కేసులో సర్వోన్నత న్యాయస్థానము 2005లో తీర్పు చెప్పినది. ఒక దేశమంతయు చూచుచున్న విచారణలో ఒక ఫైలు తేదీ యంత బరువు మోసినది. ఆ బరువును మోయుటకు ధైర్యమొక్కటి చాలదు; ఆ తేదీ యెట్లు పుట్టునో మొదలంట తెలిసియుండవలెను.

సత్యం కంప్యూటర్స్ వ్యవహారము 2009 జనవరిలో బయటపడినపుడును ఇట్లే జరిగినది. కంపెనీ బిల్లుల సాఫ్టువేరులో వేలకొలది దొంగ ఇన్వాయిసులు, కొందఱి కంటికి మాత్రమే కనబడునట్లు దాచబడి యున్నవని సి.బి.ఐ. అభియోగము మోపినది. 2015 ఏప్రిలులో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము శిక్షలు విధించినది. లెక్కల పుస్తకములు చదువగలవారే గాక, ఆ పుస్తకములను పుట్టించు యంత్రమును చదువగలవారును కావలసివచ్చిరి. 2022 మే నెలలో హైదరాబాదులోని కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల ఆవరణమున జాతీయ సైబరు ఫోరెన్సిక్ ప్రయోగశాల ప్రారంభింపబడినది. తెలంగాణ సైబరు భద్రతా విభాగము 2023లో ఏర్పడినది. కరీంనగరమునుండి ఇవి బస్సులో నొక పూట ప్రయాణము. దూరదేశపు విద్య యని తలచువా రీ సంగతిని గమనింతురు గాక.

మేము ఇంత పట్టుదలతో వ్రాయుటకు ముఖ్యకారణము చట్టము మారుట. సమాచార సాంకేతిక చట్టము 2000 అక్టోబరు 17న అమలులోనికి వచ్చినది. కంప్యూటరు సాక్ష్యమునకు ధ్రువపత్రము జతపఱుపవలెనని సాక్ష్యచట్టములో నపుడే చేర్చిరి గాని, అది తప్పనిసరియా కాదా యని న్యాయస్థానములలో చిరకాలము వాదములు జరిగినవి. 2014లో అన్వర్ కేసులో సర్వోన్నత న్యాయస్థానము తప్పనిసరియే యన్నది. నడుమ కొంత సడలింపు రాగా, 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో మరల దానినే స్థిరపరచినది. 2024 జులై 1నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమములో ఆ ధ్రువపత్రమునకు రెండు భాగము లేర్పడినవి. మొదటిది సాక్ష్యమును దాఖలు చేయువాడు నింపవలెను. రెండవది నిపుణుడు నింపవలెను. దానితోబాటు వచ్చిన నాగరిక సురక్షా సంహిత, ఏడేండ్లు అంతకు మించిన శిక్ష గల నేరములలో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలమునకు పోయి సాక్ష్యము సేకరింపవలెనని చెప్పుచున్నది. దీని నమలుపరచుటకు రాష్ట్రములకు అయిదేండ్ల వరకు గడువిచ్చినది. చట్టము నిపుణుని రమ్మని పిలిచినది. ఆసిఫాబాదు న్యాయస్థానమునకు, సిరిసిల్ల న్యాయస్థానమునకు వచ్చుటకు అట్టి నిపుణు డేడి? ఆ నిపుణుని తయారుచేయు గురు వేడి?

ఆ ధ్రువపత్రములో హ్యాష్ విలువ యను నొక గడి కలదు. ఫైలులోని సమస్తమును ఒక గణితపు గానుగలో పోసిన వెలువడు ఫలమే హ్యాష్. చిన్న ఉత్తరమైనను, పెద్ద చలనచిత్రమైనను, షా-256 అను పద్ధతిలో ఫలము 64 అక్షరముల పొడవే యుండును. మూలములో నొక చుక్క మారిన ఫలమంతయు తలక్రిందులగును. స్వాధీనము చేసికొనిన దినమున వచ్చిన ఫలమును, విచారణ దినమున వచ్చిన ఫలమును సరిపోల్చి, నడుమ నెవరును ముట్టలేదని చెప్పుదురు. అందమైన యేర్పాటు! అయితే ధ్రువపత్రపు నమూనాలో షా-256తోబాటు ఎండీ-5, షా-1 అను పాత పద్ధతుల పేర్లును ముద్రింపబడి యున్నవి. రెండు వేఱువేఱు ఫైళ్లకు ఒకే ఎండీ-5 ఫలము వచ్చునట్లు చేయవచ్చునని 2004లోనే చైనా దేశపు గణితజ్ఞులు చూపిరి. షా-1 కును అట్టి లోపమును 2017లో పరిశోధకులు ప్రత్యక్షముగా చూపిరి. మఱి ఎండీ-5తో వచ్చిన సాక్ష్యమును త్రోసివేయవలెనా? అక్కరలేదని కొందఱు వాదింతురు. ఏలయనగా, కావలెనని రెండు ఫైళ్లను జతగా సృష్టించుట వేఱు, ఇదివఱకే యున్న ఫైలునకు సరిపోవు దొంగఫైలును పుట్టించుట వేఱు. ఈ భేదమును జిల్లా న్యాయాధిపతికి తేట తెలుగులో విప్పి చెప్పవలసినది పోలీసు గాదు, సాఫ్టువేరు అమ్ముకొనువాడు గాదు. ఆ గణితమును చదివి, దానిని గూర్చి తాను స్వయముగా పరిశోధించినవాడు. విద్వాంసుని పని ఇచ్చటనే గలదు.

ఈ శాస్త్రమున మన ప్రాంతపు పిల్లలకు మఱెవరికిని లేని సంపద యొకటి కలదు. అది భాష. మన పట్టణములలోని డీటీపీ కేంద్రములవారు చిరకాలము 'అను' అనబడు అక్షరములతో తెలుగు కూర్చిరి. అట్టి పాత ఫైలులో "కరీంనగరము" అని తెఱమీద కనబడునది యంత్రము లోపల ఆంగ్ల గుర్తుల గజిబిజిగా నుండును. విదేశములో చేసిన పరీక్షాసాధనమునకు తెలుగు మాట నిచ్చి వెదకుమన్న, అది హార్డుడిస్కంతయు గాలించి "లేదు" అని నిశ్చింతగా చెప్పును. ఉన్నది గాని దానికి తెలియదు! ఇంక మన బాలురు వాట్సాపులో తెలుగును ఆంగ్ల లిపిలో వ్రాయు తీరు చూడుడు. "వచ్చిండు" అను నొక్క మాటను పదిమంది పది విధముల వ్రాయుదురు. "గట్లనే", "జర ఆగు", "పైసల్ ఎయ్యి" అను మాటలలో బెదిరింపు ఏది, వేళాకోళ మేది యని తేల్చుటకు కరీంనగరపు వీధులలో పెరిగినవాని చెవి కావలెను గాని బెంగుళూరులోని యంత్రము చాలదు.

ఆదిలాబాదున సంగతి యింకను లోతైనది. నార్నూరు మండలమునందలి గుంజాల గ్రామములో దొరకిన వ్రాతప్రతులద్వారా వెలుగులోనికి వచ్చిన గోండు లిపి 2018లో యూనికోడులో చేర్పబడినది. ఒక తెలుగు అక్షరపు గుర్తు సాధారణముగా మూడు బైట్లలో నిలువచేయబడగా, గుంజాల గోండి గుర్తు నాలుగు బైట్లలో నిలువచేయబడును. వీనిని గుర్తింపని సాధనము వానిని చెత్తగా భావించి వదలివేయును. ఉట్నూరు ప్రాంతపు గోండు స్త్రీ తనకు వచ్చిన బెదిరింపును గోండీ మాటలలోని కంఠధ్వనిగా ఫోనులో ఉంచుకొని ఠాణాకు వచ్చిన, దానిని వ్రాతలోనికి మార్చి, మార్పు నిజమైనదని ప్రమాణము చేయగలవా రెందఱు? ఒక పీహెచ్.డీ. గ్రంథమునకు ఇంతకంటె మంచి విషయ ముండదని మా యభిప్రాయము. దానిని గాంధీనగరమువారు గాని, అమెరికావారు గాని వ్రాయజాలరు. గోండీ మాతృభాషగా గల మా విద్యార్థి వ్రాయగలడు.

కాలగణనము మఱొకటి. జగిత్యాలలో రాత్రి ఎనిమిది గంటలైనపుడు దుబాయిలో సాయంత్రము ఆరున్నర, సౌదీలో అయిదున్నర. యంత్రములలో పెక్కింటి లోపలి గడియారము ప్రపంచ ప్రమాణకాలమును వ్రాసికొనును. దాని లెక్కలో నప్పుడు మధ్యాహ్నము రెండున్నర. భర్త దుబాయినుండి పంపిన సందేశము మొదటిదా, ఇంటినుండి పోయిన డబ్బు మొదటిదా యను తగవులో ఈ నాలుగు గడియారములను కలిపి చదువలేనివాడు నిర్దోషిని దోషిగా చేయగలడు. మా ఎనిమిదవ తరగతి భూగోళపాఠములో రేఖాంశములు చెప్పునపుడు "దీనితో మా కేమి పని సార్" అని అడుగువా రీ లెక్కను చేసి చూతురు గాక.

ఈ మార్గమునకు తల్లిదండ్రులు చెప్పు ఆక్షేపణలు మాకు తెలియును. జీతము తక్కువ యందురు. సాఫ్టువేరు కొలువుతో పోల్చిన మొదట తక్కువయే, దాచనేల? అయినను యు.జి.సి. వారి నెట్ పరీక్షలో ఫోరెన్సిక్ సైన్సు ఒక విషయముగా నున్నది. దానిలో జె.ఆర్.ఎఫ్. సంపాదించినవారికి పరిశోధన చేయు కాలమునందు నెలకు 37,000 రూపాయల వేతనము 2023 జనవరినుండి నిర్ణయింపబడినది. చదువుకొనుటకు జీతమిచ్చు చదువులు ఎన్ని గలవు? ఇంక కరీంనగరము బస్సు స్టాండు గోడలమీద "మూడు నెలలలో హ్యాకరు కండి" అను కాగితములు చూచి, ఇది యంతయు అదే గదా యనువారును కలరు. అది వేఱు. మూడు నెలలలో ఒక సాధనపు మీటలు నొక్కుట నేర్చుకొనవచ్చును. ఆ సాధనము తప్పు చెప్పినపుడు తప్పని కనిపెట్టుటకు గణితము, కంప్యూటరుల నిర్మాణము, న్యాయశాస్త్రము, భాష, ఇవి యన్నియు కావలెను. వానికి సంవత్సరములు పట్టును. ఆ గోడకాగితములవారికి ఫీజు కట్టుటకంటె ఆ డబ్బుతో మంచి గణితపుస్తకములు కొనుట మేలు.

"ఆడపిల్లకు ఈ నేరముల గొడవ యేల" అను మాటతో మాత్రము మేము బొత్తిగా నేకీభవింపము. మన దేశమున సమాచార సాంకేతిక చట్టము క్రింద తొలి శిక్షలలో నొకటిగా ప్రసిద్ధికెక్కిన 2004 నాటి చెన్నై కేసులో బాధితురాలు స్త్రీ. ఆమె పేరిట అసభ్యమైన సందేశములను ప్రచురించినవానికి కొన్ని నెలలలోనే శిక్ష పడినది. ఇట్టి ఫిర్యాదులతో వచ్చు బాలిక తన ఫోనును పురుషుల చేతిలో పెట్టుటకు సంకోచించి తిరిగిపోవుట ఈ ప్రాంతమున మేమెఱుగుదుము. పరీక్షకురాలు స్త్రీ యైనచో ఆ ఫిర్యాదులలో ఎన్ని నిలుచునో!

మఱొక భయము కలదు, అది న్యాయమైనదే. ఇతరుల ఫోనులలోని రహస్యములను చదువు విద్య మంచిదేనా? 2017లో సర్వోన్నత న్యాయస్థానము ఏకాంతపు హక్కు ప్రాథమిక హక్కని తొమ్మండుగురు న్యాయాధిపతుల ధర్మాసనముచే నిర్ణయించినది. ఈ విద్య నభ్యసించువాడు మొదట చదువవలసిన తీర్పు అదియే. ఒక ఫోనులో ఇంటిల్లిపాది ఫోటోలు, వైద్యుని చీట్లు, వదినామరదళ్ల మాటలు అన్నియు నుండును; కేసునకు సంబంధించినది అందులో గోరంత. ఆ గోరంత దాటి చూడనివాడే పరీక్షకుడు. అతడు పోలీసుల పక్షమువాడును గాడు. "నాకు దొరకలేదు", "ఈ సందేశము ఈ ఫోనునుండి పోయినది గాని దానిని వ్రాసిన చేయి ఎవరిదో నేను చెప్పజాలను" అని న్యాయస్థానములో నిలిచి చెప్పవలసి వచ్చును. ఒకే ఫోనును అన్నదమ్ములు ముగ్గురు వాడుకొను మన యిండ్లలో ఈ మాట ఎందఱి నో కాపాడును. పై యధికారి కిష్టములేని సత్యమును చెప్పుటకు విశ్వవిద్యాలయపు ఉద్యోగమున నున్న స్వాతంత్ర్యము ఠాణా ఉద్యోగమున నుండదు. పాండిత్యమార్గమునే మేము సూచించుటకు ఇదియు నొక హేతువు.

దారి యెట్లనగా, పదవ తరగతి పిదప బాసరయందలి ట్రిపుల్ ఐటీ కలదు. 2008లో స్థాపింపబడిన ఈ విద్యాలయమున పదవ తరగతి మార్కులతోనే ఆరేండ్ల చదువునకు ప్రవేశము. గ్రామీణ బాలబాలికలకై ఏర్పడినది. ఇంటరు పిదప పోదలచినవారికి కొండగట్టు సమీపమున నాచుపల్లిలోని జె.ఎన్.టి.యు. కళాశాలయు, మంథని కళాశాలయు, కరీంనగరమున శాతవాహన విశ్వవిద్యాలయమును కలవు. అటుపిమ్మట ఉస్మానియాలో ఫోరెన్సిక్ సైన్సు ఎం.ఎస్సీ. గాని, గాంధీనగరమునందలి జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయమున డిజిటల్ ఫోరెన్సిక్స్, సమాచార భద్రతలో ఎం.ఎస్సీ. గాని చేయవచ్చును. ఆ విశ్వవిద్యాలయము 2020 అక్టోబరునుండి జాతీయ హోదా పొందినది. నెట్ పరీక్ష, పీహెచ్.డీ. ఆ తరువాతివి. నడుమ మూడేండ్ల న్యాయశాస్త్రపు డిగ్రీ కూడ చేసినవాడు ఇతరులకంటె ముందుండును. మా కోరిక యొక్కటి కలదు: చదువు ముగించినవారిలో కొందఱైనను శాతవాహనకో బాసరకో మరలివచ్చి ఇచ్చటనే ఈ శాఖను నెలకొల్పవలెను. హైదరాబాదులో ఒక ఆచార్యుడు హెచ్చుట గొప్ప గాదు.

తొమ్మిదవ, పదవ తరగతులవారు ఇప్పుడే చేయదగిన పని కొంత కలదు. ద్విసంఖ్యామానపు లెక్కలు, షోడశాంక లెక్కలు చేతితో చేయుట నేర్చుకొనుడు. తెలుగు అక్షరములకు యూనికోడు సంఖ్యలు 0సి00తో మొదలగును; మీ పేరును ఆ సంఖ్యలలో వ్రాసి చూడుడు. చూచినదానిని చూచినట్లు, తేదీతో, వేళతో, విశేషణములు లేకుండ ఒక పుట వ్రాయుట నభ్యసింపుడు. పంచనామా వ్రాయువానికి కావలసిన తెలుగు అదియే, మా వ్యాసరచన తరగతిలో నెవరికిని రుచింపని తెలుగును అదియే. మా సామానుల గదిలో చెడిపోయిన కంప్యూటరులు రెండు పడియున్నవి. వానిని పాత ఇనుపసామానువానికి అమ్మవలదని ప్రధానోపాధ్యాయులవారిని కోరితిమి, వారును సమ్మతించిరి. ఈ జూను మాసమునుండి శనివారములందు మధ్యాహ్నము భౌతికశాస్త్రపు గదిలో వానిని విప్పి, హార్డుడిస్కు లోపలి పళ్లెములను చూపుదుము. రాదలచిన బాలబాలికలు తమ పేర్లను తరగతి ఉపాధ్యాయులవద్ద వ్రాయించుకొనవలెను. స్క్రూడ్రైవరు తెచ్చుకొనుట మంచిది. పాఠశాలలో నున్నది యొక్కటియే.